ఎండలు ముదిరేలోపు ఇంజన్ ఆయిల్ సంగతి చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో ఆ ఎండ చూసినవాళ్లకి కారు గురించి భయం సహజం. అందుకే వేసవి సర్వీసింగ్‌లో చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "ఎండాకాలం కదండీ, చిక్కటి ఆయిల్ పోసేద్దాం." దయచేసి ఈ మాటకి వెంటనే తలూపకండి.

బయట 30 డిగ్రీలున్నా 45 ఉన్నా, కూలింగ్ సరిగ్గా ఉన్న ఇంజన్‌లో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) 90 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ పని థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ చూసుకుంటాయి. కాబట్టి వేసవికి ముందు భయపడాల్సింది కూలెంట్ తగ్గిందేమోనని, ఫ్యాన్ తిరగడం లేదేమోనని. ఆయిల్ డబ్బా మీద గ్రేడ్ 5డబ్ల్యూ30 అని రాసి ఉంటే, చివరి 30 అనేది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే అంకె. అంటే వేడిని కంపెనీవాళ్లు ముందే లెక్కలోకి తీసుకున్నారు. ఇప్పటి ఇంజన్లలో ఆయిల్ వెళ్లే దారులు సన్నం. పల్చటి ఆయిల్ కోసం చేసిన ఇంజన్‌లో 20డబ్ల్యూ50 లాంటి చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. మాన్యువల్‌లో రెండు మూడు గ్రేడ్‌లు ఇచ్చి ఉంటే మన ఊరి ఎండకి వాటిలో చిక్కటిది తీసుకోండి, తప్పులేదు. అందులో లేనిది మాత్రం వద్దు.

బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ కారైతే ఇంకాస్త జాగ్రత్త. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న కార్లకి బూడిద తక్కువ వచ్చే ఆయిలే వాడాలి. గ్రేడ్ అంకె ఒకటే కదా అని పాత డీజిల్ బండి ఆయిల్ పోస్తే ఆ బూడిద ఫిల్టర్‌లో పేరుకుపోతుంది. ఫిల్టర్ మార్చాల్సి వస్తే ఖర్చు మామూలుగా ఉండదు. డబ్బా వెనక ఉన్న స్పెసిఫికేషన్‌ని మాన్యువల్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

ఆటోనగర్‌లో కొన్నా, బందరు రోడ్డులో కొన్నా బిల్లు తీసుకోండి. సీలు మీ కళ్ల ముందే తీయించండి. ఖాళీ డబ్బాకి అక్కడే చిల్లు పెట్టించండి, నకిలీ ఆయిల్ నింపేవాళ్లకి కావాల్సింది చిల్లులేని ఖాళీ డబ్బాయే. ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా మార్చాల్సిందే.

పోయడం అయ్యాక చదునైన చోట బండి ఆపి, ఇంజన్ కట్టేసి, అయిదు పది నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీయండి. గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. తడి రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటితే తీయించండి, ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడిందని కంగారు పడొద్దు, అది మామూలే. కానీ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్లు కలుస్తున్నట్టు, బండి కదపొద్దు.

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ ఆగుతూ సాగే కారుకి కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఆయిల్ త్వరగా పాడవుతుంది. పదివేలు నిండలేదని ఏడాది దాటించకండి. దారిలో నూనె డబ్బా గుర్తుతో ఎర్ర లైటు వెలిగితే ముందున్న బంకు దాకా కూడా వెళ్లొద్దు. పక్కకి తీసి వెంటనే ఇంజన్ కట్టేయండి.