పాత డచ్చి సమాధులను కాపాడుకోవడం ఎలా?

బందరులోనూ భీమిలిలోనూ డచ్చివాళ్ల, అంటే హాలెండు నుంచి వచ్చిన వర్తకుల, సమాధులు ఇంకా ఉన్నాయి. 1605 ప్రాంతంలో బందరు చేరినవాళ్లు 1825లో తమ స్థావరాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. ఇలాంటి చోటును బాగుచేద్దామని నలుగురు కుర్రాళ్లు ఆదివారం పూట పారలు పట్టుకుని దిగడం చూస్తుంటే ముచ్చటేస్తుంది, కొంచెం టెన్షన్ కూడా వస్తుంది. ఎండావానలకు తట్టుకున్న రాయి ఒక్క పూట యాసిడ్‌తో పోతుంది.

1. ముందు స్థలం ఎవరిదో తేల్చుకోండి. తహసీల్దారు ఆఫీసులో, చర్చిలో, పురావస్తు శాఖలో అడగండి. కేంద్ర రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతితోనే. అనుమతి కాగితం చేతికి వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దు.

2. కడగడానికి ముందే రాసిపెట్టండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. కాగితం మీద పటం గీసి ప్రతి సమాధికీ నంబరు ఇవ్వండి, కొలతలు తీయండి. అరిగిన అక్షరాలు మధ్యాహ్నం కనబడవు. పొద్దువాలాక సెల్‌ఫోన్ టార్చిని రాతికి ఆనించినట్టు పక్కనుంచి వేయండి, చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరాలు తేలతాయి. సుద్దపొడి, పిండి పులమొద్దు. తప్పులతో సహా ఉన్నదున్నట్టు ఎక్కించుకోండి. మద్రాసు ప్రభుత్వం 1905లో సమాధి శాసనాల జాబితా అచ్చువేసింది. ఇప్పుడు చదవలేని పేర్లను అందులో వెతకండి.

3. పొదలు కొట్టండి, కానీ గోడల్లో మొలిచిన రావిమొక్కను లాగొద్దు. వేరుతోపాటు ఇటుకా ఊడొస్తుంది. పైభాగం కోసి, మొదలు సంగతి శాఖవాళ్లకు వదిలేయండి. పాముల భయం ఉంటుంది, బూట్లు తప్పనిసరి.

4. రాతిని వేలితో రుద్ది చూడండి. పొడి రాలితే దాని జోలికి పోవద్దు. గట్టిగా ఉంటే మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. తీగ బ్రష్, బ్లీచింగ్ పౌడర్ వద్దు.

5. మరమ్మతును పని తెలిసిన మేస్త్రీతోనే, గానుగ సున్నంతోనే (గానుగలో నూరిన సున్నం) చేయించాలి. సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. సముద్రతీరంలో ఉప్పు దానికి తోడై ఇటుక పొరలుగా రాలిపోతుంది.

6. బోర్డు పెట్టేటప్పుడు తెలుగు పైన ఉండాలి. ఘనంగా చెక్కించుకున్న వర్తకుల పేర్లతో సరిపెట్టొద్దు. ఆ వ్యాపారం నడిచింది మన నేతగాళ్ల బట్టతో. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ తీరం నుంచి మనుషులను బానిసలుగా బటావియాకు (ఇప్పటి జకార్తా) ఓడల్లో తరలించింది. వాళ్లకు ఇక్కడ ఒక్క రాయీ లేదు, బోర్డు మీదైనా రెండు వాక్యాలు ఉండాలి. బందరులో వలందపాలెం (వలందులంటే డచ్చివాళ్లే), ఇంగ్లీషుపాలెం పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి కదా, బడిపిల్లలకు కథ అక్కణ్ణుంచే ఎత్తుకోవచ్చు.

7. ప్రతి తుపాను తర్వాతా అదే చోట నిలబడి అవే ఫొటోలు తీయండి. పాతవాటితో పోల్చి పగులు పెరిగిందనిపిస్తే, సమాధి నంబరు వేసి ఫొటోతో సహా శాఖకు అర్జీ పెట్టండి.