ఎస్‌బీ005తో ఆగిన ఐజీఎస్‌టీ రీఫండ్: నా అనుభవం

గుంటూరు నుంచి ఎండుమిర్చి ఎగుమతి చేస్తాం. ఐజీఎస్‌టీ (ఎగుమతులకూ, రాష్ట్రాల మధ్య అమ్మకాలకూ వర్తించే జీఎస్‌టీ) కట్టి పంపిన సరుకుకు, కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రమైన షిప్పింగ్ బిల్లే రీఫండ్ దరఖాస్తు, వేరే దరఖాస్తు అక్కర్లేదు. అయినా ఒక బిల్లు డబ్బు రాలేదు. కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో ఐజీఎస్‌టీ ధ్రువీకరణ స్థితి చూస్తే ఎస్‌బీ005 అని ఉంది. అంటే ఇన్‌వాయిస్ వివరాలు సరిపోలలేదని.

బ్యాంకు ఖాతా సరిచూశాను, ఈజీఎం (దేశం దాటిన సరుకుల గురించి రవాణా సంస్థ కస్టమ్స్‌కు ఇచ్చే జాబితా) దాఖలైందో లేదో కనుక్కున్నాను, నెల రోజులు ఊరికే ఎదురుచూశాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి షిప్పింగ్ బిల్లును, అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో ఎగుమతులు రాసే 6ఏ పట్టికను పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చదివాను. బిల్లులో ఇన్‌వాయిస్ నంబరు మధ్య ఏటవాలు గీత ఉంది, రిటర్నులో మేము అడ్డగీత కొట్టాం. మనిషి కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. ఈజీఎం దాఖలయ్యాక బిల్లును మార్చలేం కాబట్టి రిటర్నునే దిద్దాలి. తర్వాతి నెల జీఎస్‌టీఆర్-1లో పాత వివరాలు దిద్దే 9ఏ పట్టిక తెరిచి, పాత ఇన్‌వాయిస్‌ను వెతికి, నంబరును బిల్లులో ఉన్నట్టే రాశాను. తేదీ, పోర్టు కోడు, బిల్లు నంబరు, పన్ను మొత్తం మళ్లీ సరిచూసి దాఖలు చేశాను. కొన్ని రోజులకు ఎస్‌బీ000, అంటే అంతా సరిపోలిందని, కనిపించింది, తర్వాత డబ్బు జమ అయింది. ఆ రోజు పడ్డ ఊరట మాటల్లో చెప్పలేను.

తప్పు రిటర్నులో ఉంది కాబట్టే ఇది కుదిరింది. కస్టమ్స్‌కు ఇచ్చిన ఇన్‌వాయిసే వేరైతే ఈ దారి పనికిరాదనుకుంటాను. అప్పుడు కస్టమ్స్ అధికారినే కలవాలి.