చర్మానికి రాసే క్రీము జెనరిక్‌కు మార్చుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలి

మా అమ్మకు అరచేతుల్లో ఎగ్జిమా. అనంతపురంలో చలికాలం గాలి ఎంత పొడిగా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. డిసెంబరు వచ్చేసరికి ఆమె చేతులు బిరుసెక్కి, గీతల వెంబడి పగిలి, చింతపండు పిసికినా ఉప్పు తగిలినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ బాగానే పనిచేసేది కానీ ఏడాదికి పది పన్నెండు ట్యూబులు పట్టేవి, రేటేమో పెరుగుతూనే ఉంది. ఒకరోజు మందుల షాపులో "ఇదే మందు తక్కువ రేటులో ఉంటే ఇవ్వన్నా" అని అడిగాను. "ఇది తీసుకోక్కా, అంతా అదే, కంపెనీ ఒక్కటే వేరే" అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. మూడో రోజు పొద్దున్నే అమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. "ఇది నాకు పడలేదు పాపా, మంట మండుతాంది." మణికట్టు దాకా ఎర్రగా కమిలింది, మధ్యమధ్యలో సన్నటి నీటి పొక్కులు.

అప్పుడు పాత అట్టపెట్టె, కొత్త అట్టపెట్టె ట్యూబులైటు కింద పక్కపక్కన పెట్టి చదివాను. పాతదాని మీద క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 0.05 శాతం, సాలిసిలిక్ యాసిడ్ 3 శాతం, ఆయింట్‌మెంట్ అని ఉంది. కొత్తదాని మీద క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 0.05 శాతం, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్, మైకోనజోల్ అనే ఫంగస్ మందు, క్రీము. మొదటి పేరు తప్ప అన్నీ తేడాలే. డాక్టరు చూసి నియోమైసిన్ పడకపోయి ఉంటుందన్నారు, అలర్జీలు తెప్పించే పూతమందుల్లో అది బాగా తెలిసినదేనట. పైగా మందమైన చర్మాన్ని మెత్తబరిచే సాలిసిలిక్ యాసిడ్ అందులో లేనే లేదు. జెనరిక్ అంటే కంపెనీ వేరైనా లోపల అదే మందు ఉండే చవక రకం. మేము దానికి మారనే లేదు, ఇంకో మందుకు మారాము. ఆ తర్వాత సరిగ్గా అదే మందు, అదే శాతం ఉన్న జెనరిక్ ఆయింట్‌మెంట్ తెచ్చి, డాక్టరు చెప్పిన రోజుల్లో మాత్రమే రాస్తున్నాము. చేతులు ముందులాగే తగ్గాయి. మా ఇంట్లో జరిగిన పొరపాటు మీ ఇంట్లో జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సులభం. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం ఒకటి రెండు మందులే ఉన్న ట్యూబుల మీద మందు అసలు పేరు బ్రాండు పేరు కంటే కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ఉండాలి, కాబట్టి వాటిలో వెతుక్కోవడం పెద్ద కష్టమేమీ కాదు. చూడాల్సినవి నాలుగు. మందు పేరు తోకతో సహా (అంటే పేరు వెనక వచ్చే రెండో పదంతో సహా), శాతం, అది క్రీమా ఆయింట్‌మెంటా జెల్లా లోషనా అన్నది, అదనంగా ఇంకేదైనా కలిపారా అన్నది. ఈ నాలుగూ కలిస్తేనే అది మీ మందుకు జెనరిక్.

తోక అన్నానే, దాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకండి. బీటామెథసోన్ వాలరేట్ వేరు, బీటామెథసోన్ డైప్రొపియోనేట్ వేరు. మామూలుగా మొదటిది 0.1 శాతం, రెండోది 0.05 శాతం వస్తుంది. అంకె చూసి మొదటిదే గట్టిదనుకుంటారు, నిజానికి రెండోదే ఎక్కువ ఘాటు. ఇక క్లోబెటసాల్, క్లోబెటసోన్ అనే రెండు పేర్లు చీటీ మీద హడావిడిగా రాస్తే ఒకేలా కనిపిస్తాయి. రెండూ వాపు, దురద తగ్గించే స్టెరాయిడ్లే, కానీ మొదటిది పూతమందు స్టెరాయిడ్లలోకెల్లా బలమైన వాటిలో ఉంటుంది, రెండోది మధ్యరకం. ఎగ్జిమాకు రాసే ఇంకో మందు టాక్రోలిమస్ 0.03 శాతం, 0.1 శాతం రెండూ దొరుకుతాయి, చిన్నపిల్లలకు సాధారణంగా మొదటిదే రాస్తారు. శాతాన్ని ఎప్పుడూ అదే మందులోనే పోల్చాలి, రెండు వేరు వేరు మందుల శాతాలు పక్కన పెట్టి ఇది ఎక్కువ అది తక్కువ అనుకుంటే లెక్క తప్పుతుంది.

క్రీమా, ఆయింట్‌మెంటా అన్నది ఇంకో తిరకాసు. మన దగ్గర ట్యూబులో వచ్చేది ఏదైనా ఆయింట్‌మెంటే! కానీ డాక్టరుకు అవి వేరు వేరు. ఆయింట్‌మెంట్ జిడ్డుగా, వాజిలిన్‌లాగా ఉంటుంది, చర్మాన్ని కప్పి లోపలి తేమ పోనివ్వదు, అందుకే మందంగా పొడిబారిన చోట బాగా పనిచేస్తుంది. అదే మందు, అదే శాతం ఉన్నా క్రీము కంటే మామూలుగా ఆయింట్‌మెంట్ పదును ఎక్కువ. క్రీములో నీళ్లు ఉంటాయి కాబట్టి చెమ్మగా ఉన్నచోట, మడతల్లో అది నయం. తలకు, జుట్టున్న చోటికి లోషనో జెల్లో రాస్తారు. క్రీములో చెడిపోకుండా కలిపే పదార్థాలు కంపెనీని బట్టి మారతాయి, మందు అంతా కలిసినా కొత్త ట్యూబు కొందరికి మండటానికి అది ఒక కారణం. మాత్ర అయితే రక్తంలోకి ఎంత చేరిందో కొలిచి రెండు కంపెనీలను పోల్చవచ్చు, చర్మం మీది మందును అలా కొలవడం అంత సులువు కాదు. అందుకే పూతమందులో బేసు, అంటే మందును కలిపిన ఆ క్రీము లేదా జిడ్డు గురించి ఇంత పట్టింపు.

ఇప్పుడు డాక్టరు దగ్గర. చాలామంది ఇక్కడే మొహమాటపడతారు. చవక మందు అడిగితే ఏమనుకుంటారోనని ఊరికే ఉండిపోతారు. అడగండి, అడగడానికి మీకు పూర్తి హక్కుంది. మందును జెనరిక్ పేరుతో, స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని వైద్యుల నియమావళిలోనే 2016లో మార్పు తెచ్చారు. "సార్, దీని జెనరిక్ పేరు, శాతం, క్రీమా ఆయింట్‌మెంటా రాసిస్తారా, జన ఔషధిలో తీసుకుంటాం" అంటే చాలు. ఇలా రాయించుకోవడానికి ఇంకో గట్టి కారణం ఉంది. స్టెరాయిడ్ పూతమందులు షెడ్యూల్ హెచ్ కింద, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. చీటీలో బ్రాండు పేరు రాసి ఉంటే దాని బదులు ఇంకోటి, లోపల అదే మందున్నా సరే, షాపువాళ్లు సొంతంగా ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్ చెబుతాయి. చీటీలోనే జెనరిక్ పేరుంటే ఆ చిక్కే లేదు. నాలాగా కౌంటరు దగ్గర నిలబడి "ఇలాంటిదే ఇవ్వన్నా" అనాల్సిన పనీ లేదు.

కొనడానికి ప్రభుత్వ పథకం కింద జెనరిక్‌లు అమ్మే జన ఔషధి కేంద్రాలున్నాయి. బ్రాండు మందులతో పోలిస్తే సగం నుంచి 90 శాతం దాకా తక్కువ ధరలని ప్రభుత్వమే చెబుతుంది. జన ఔషధి సుగమ్ అనే యాప్‌లో మందు పేరు కొడితే ధర, మీకు దగ్గర్లోని కేంద్రం కనిపిస్తాయి. వెళ్లే ముందు ఫోను చేసి స్టాకుందో లేదో కనుక్కోండి. కదిరి నుంచో గుంతకల్లు నుంచో బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి వట్టి చేతులతో పోవడం కంటే అది మేలు. అన్ని రకాల కాంబినేషన్లూ అక్కడ ఉండవు. లేకపోతే దానికి దగ్గరిదంటూ వేరేది తీసుకోకుండా డాక్టరునే అడగండి, ఒక్కోసారి రెండు మందుల కాంబినేషన్ బదులు ఒక్కటే సరిపోతుందంటారు. మామూలు షాపుల్లో కూడా చవక కంపెనీలవి దొరుకుతాయి, ఫార్మా సహీ దామ్ యాప్‌లో ధరలు పోల్చుకోవచ్చు. మన ఊళ్లో సర్వజన ఆసుపత్రి ఓపీలో చూపించుకుంటే అక్కడ ఉన్న మందు ఉచితంగానే ఇస్తారు. కర్నూలు, కడపల్లో కూడా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి.

రేటు చూసేటప్పుడు ట్యూబు ధర కాకుండా గ్రాము ధర చూడండి. 15 గ్రాముల ట్యూబు 90 రూపాయలనుకోండి, గ్రాము 6 రూపాయలు. 30 గ్రాములది 120 అనుకోండి, గ్రాము 4 రూపాయలే. బిల్లు తప్పకుండా తీసుకోండి, దాని మీద బ్యాచ్ నంబరు ఉండేలా చూసుకోండి. నాణ్యత లేదని తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతినెలా ప్రకటిస్తుంది, మీ ట్యూబు అందులో ఉందో లేదో చూసుకోవడానికైనా, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయడానికైనా ఆ నంబరే ఆధారం.

తెచ్చాక ఒకేసారి అంతటా పూయకండి. మా అమ్మకు రెండోసారి చేసిన పద్ధతి చెబుతాను. పాత ట్యూబులో కొంచెం మిగిలి ఉంది. డాక్టరును అడిగి, వారం పాటు కుడి చేతికి పాతది, ఎడమ చేతికి కొత్తది రాసింది. మర్చిపోకుండా కొత్త ట్యూబుకు ఎర్ర దారం కట్టాను. రోజూ రాత్రి అదే లైటు కింద రెండు అరచేతులూ ఫొటో తీశాను. వారానికి రెండు చేతులూ ఒకేలా తగ్గాయి, ఇక టెన్షన్ పోయింది. రెండు వైపులా ఉండే జబ్బుకు ఇంతకంటే మంచి పరీక్ష ఇంట్లో చేయలేం. ఆ వారం సబ్బు మార్చకండి, కొత్త నూనె రాయకండి, లేకపోతే ఏది పడలేదో తెలియదు. మంట కొద్దిసేపుండి తగ్గితే చూడొచ్చు. పెరుగుతూ పోతున్నా, పొక్కులు వచ్చినా, వాచినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి.

ఎంత రాయాలన్నది కూడా ముఖ్యమే, చవక కదాని ఎక్కువ పూసేవాళ్లుంటారు. చూపుడు వేలి చివరి గీత నుంచి వేలి కొస దాకా ట్యూబులోంచి ఒక గీతలా పిండితే దాదాపు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత (వేళ్లతో సహా) మేరకు అది సరిపోతుంది. ఆ లెక్కన అమ్మకు 15 గ్రాముల ట్యూబు ముప్పై సార్లకు రావాలి. పది సార్లకే అయిపోతే మందు ఎక్కువ పోతోందని అర్థం.

కొన్నిచోట్ల మాత్రం డాక్టరును అడగకుండా మార్పు జోలికే వెళ్లొద్దు. ముఖం, కనురెప్పలు, గజ్జలు, పసిపిల్లలు, గర్భిణులు. మొటిమలకు రాసే ట్రెటినోయిన్, అడాపలిన్ ఒకటి కాదు, గర్భంతో ఉన్నప్పుడు వాటిని వాడకూడదు. తామరకు, అంటే ఫంగస్ వల్ల గుండ్రంగా వచ్చే దురద మచ్చలకు స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే రెండు రోజులు దురద తగ్గి, లోపల మాత్రం వ్యాపిస్తూ పోతుంది, తర్వాత డాక్టరు కూడా ఒక చూపులో గుర్తుపట్టలేనంతగా దాని రూపు మారిపోతుంది. తెల్లబడతామని స్టెరాయిడ్ క్రీములు ముఖానికి పూసుకునే ఆడపిల్లలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, ఆపగానే మంటలు. చవకగా దొరుకుతుందని ఒకరి ట్యూబు ఇంకొకరికి ఇవ్వకండి. క్లోబెటసాల్ లాంటిది ఆపకుండా రెండు వారాలు దాటి వాడాలంటే డాక్టరు చెప్పాల్సిందే, ఆపడం ఎలాగో కూడా ఆయన్నే అడగాలి.

ట్యూబు ఎక్కడ పెట్టాలో పెట్టె మీదే ఉంటుంది, చాలావాటి మీద 25 లేదా 30 డిగ్రీల లోపు అని రాస్తారు. మన దగ్గర ఏప్రిల్, మేలో ఎండ 40 దాటుతుంది. బండి డిక్కీలో మర్చిపోయిన క్రీము ఒకసారి పిండితే ముందు నీళ్లు, తర్వాత గడ్డలు వచ్చాయి. అలాంటిది పారేయాలి. ఆయింట్‌మెంట్ రాసుకున్న చేతులతో పొయ్యి వెలిగించొద్దని అమ్మకు రోజూ చెబుతాను, ఆ జిడ్డు ఇంకిన చీరకొంగుకు మంట తొందరగా అంటుకుంటుంది.

అట్టపెట్టె మీద మందు పేరున్న ముక్కను కత్తిరించి పర్సులో పెట్టుకోండి. మళ్లీ కొనేటప్పుడు కౌంటరు మీద ఆ ముక్క పెట్టి, కొత్త ట్యూబు పక్కన పెట్టి, నాలుగూ కలిశాయో లేదో అక్కడే నిలబడి చూసుకున్నాకే డబ్బులివ్వండి. వెనక వరుసలో ఎవరో తొందరపెడితే పెట్టనివ్వండి.