డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ సొంతంగా చూసుకుందాం – ఆరో పాఠం: దారిలో ఫ్యాన్ బెల్టు తెగితే

పోయిన పాఠంలో ఇంజన్ ముందువైపు ఉన్న పుల్లీలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టాం. వాటన్నిటినీ కలిపి తిప్పే బెల్టు దారి మధ్యలో తెగితే ఏం చేయాలన్నది ఈ పాఠం. పాతతరం వీ బెల్టు (అడ్డంగా కోస్తే V ఆకారంలో కనిపించేది) ఉన్న బండినే తీసుకుంటున్నాను. వెడల్పాటి ఒకే బెల్టు, దానంతటదే బిగించే టెన్షనర్ ఉన్న బండ్ల సంగతి తర్వాతి పాఠంలో.

బెల్టు తెగినా డీజిల్ ఇంజన్ ఆగదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. డీజిల్‌కు స్పార్కు ప్లగ్గులతో పని లేదు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. ఇంధనం పంపే పాతరకం మెకానికల్ పంపు ఉంటే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆగినా బండి ఎప్పటిలాగే లాగుతుంది. కానీ ఆ బెల్టు మీదే ఆధారపడ్డ వాటర్ పంపు కూడా ఆగిపోయి ఉంటుంది. నీళ్లు కదలవు, సిలిండర్ హెడ్ ఉడికిపోతుంది. హెడ్ వంగినా, పగిలినా అది బెల్టు ఖర్చుతో పోయేది కాదు. కాబట్టి నడుస్తుండగా ఎర్ర బ్యాటరీ లైటు వెలిగితే దాన్ని కరెంటు సమస్య అనుకోకండి. ముందు బెల్టునే అనుమానించండి.

రెండో ప్రమాదం బ్రేకులది. చాలామందికి ఇది తట్టదు. పెట్రోలు ఇంజన్లో బ్రేకు బూస్టర్‌కు (పెడల్ మీద మన కాలి బలాన్ని పెంచేది) కావలసిన వాక్యూమ్ ఇంజన్ పీల్చుకునే గాలి నుంచే దొరుకుతుంది. డీజిల్లో అలా దొరకదు గనక విడిగా ఒక వాక్యూమ్ పంపు పెడతారు. కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్‌లలో ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకే అతికి ఉంటుంది. బెల్టు పోతే అదీ పోయినట్టే. బూస్టర్లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు సరిపోతుంది, అంతే.

ఒకసారి ఘాట్ దిగుతుండగా నాకు ఇదే జరిగింది. లైటు చూశాను, మలుపు దాటాక ఆపుదామనుకున్నాను. మూడోసారి తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. అప్పటికే రెండో గేరులో ఉండటం వల్ల, బలమంతా కాలి మీద పెట్టి ఆపగలిగాను. బ్రేకు పూర్తిగా పోదు, బరువెక్కుతుంది. అందుకే పెడల్‌ను పదే పదే తొక్కకుండా ఒకే ఒత్తిడితో నొక్కి పట్టండి, గేరు తగ్గించండి. స్టీరింగ్ కూడా బరువెక్కవచ్చు.

బండి ఆగగానే ఇంజన్ కట్టేయండి. టర్బో బండిని కాసేపు ఐడిల్‌లో ఉంచి ఆపాలని మూడో పాఠంలో చెప్పాను. ఆ నియమం ఇక్కడ వర్తించదు. టెంపరేచర్ ముల్లు కిందికి దిగినా నమ్మవద్దు. నీళ్లు పోయి సెన్సర్ ఖాళీలో మిగిలితే ముల్లు తప్పు చెబుతుంది. రేడియేటర్ మూత తీయవద్దు. లోపలి నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, 100 డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉండి, మూత వదలగానే మొహం మీదికి ఎగజిమ్ముతాయి. అరగంటకు తక్కువ కాకుండా ఆగి, రేడియేటర్ పైగొట్టం చేతికి చల్లగా తగిలాక చూడండి.

ఇప్పుడు తెగిన ముక్కలన్నీ ఏరండి. ఫ్యాన్‌కు చుట్టుకున్న దారప్పోగులు కూడా వదలకూడదు. తర్వాత వాటర్ పంపు, ఆల్టర్నేటర్ పుల్లీలను చేత్తో తిప్పి చూడండి. గరగరలాడినా, ఊగినా, బిగుసుకున్నా బెల్టు దానివల్లే తెగి ఉండవచ్చు. అలాంటప్పుడు కొత్తది వేసినా నిలవదు, బండిని లాగించుకు వెళ్లడమే మేలు. నీళ్లు, బురద దాటి వచ్చిన బండి అయితే పుల్లీ గాడుల్లో ఇసుక తుడవండి.

పానా పట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఆల్టర్నేటర్ వెనక లావు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఆల్టర్నేటర్ కింది బోల్టు, పైన సర్దుబాటు బోల్టు వదులు చేసి దాన్ని ఇంజన్ వైపు నెట్టండి. కొత్త బెల్టును ఫ్యాన్ రెక్కల మీదుగా ఒక్కో రెక్కా దాటిస్తూ లోపలికి తీసుకెళ్లి, క్రాంక్, వాటర్ పంపు పుల్లీలకు తొడిగి, చివర ఆల్టర్నేటర్‌కు ఎక్కించండి. ఎక్కడం లేదని స్క్రూడ్రైవర్‌తో తన్ని ఎక్కించవద్దు. పైకి కనబడకుండానే లోపలి దారాలు తెగుతాయి. జంట బెల్టులు ఉంటే రెండూ ఒకేసారి మార్చాలి. పాతది సాగి ఉంటుంది, బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.

టెన్షన్ దగ్గర తొందరపడవద్దు. రెండు పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో సుమారు 10 కిలోల బలంతో నొక్కితే 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగడం చాలా బండ్లకు సరిపోతుంది. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే లెక్క. వదులైతే కీచుమంటుంది, జారి కాలిపోతుంది. మరీ బిగిస్తే బేరింగులు తినేస్తుంది. బ్యాటరీ తీగ తిరిగి బిగించి, చల్లారిన రేడియేటర్లో నీళ్లు నింపి, పది నిమిషాలు నడిపి ఆపి మళ్లీ నొక్కి చూడండి. కొత్త బెల్టు కాస్త సాగుతుంది.

తెగిన చోట తాడో, నైలాన్ మేజోడో కట్టి నడపొచ్చని వినే ఉంటారు. బరువైన డీజిల్ బండికి నేను దాన్ని సలహా ఇవ్వను. ముడి జారిన సంగతి మీకు తెలిసేలోపు హెడ్ వేడెక్కిపోతుంది. సరైన సైజు బెల్టు, సరిపడే పానాలు, నీళ్ల డబ్బా బండిలోనే ఉంచండి.

అభ్యాసం: ఈ వారం ఇంట్లోనే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బాగున్న బెల్టునే విప్పి మళ్లీ తొడగండి. ఏ బోల్టుకు ఏ సైజు పానా పట్టిందో రాసుకోండి. ఆల్టర్నేటర్ వెనక్కి లావు రబ్బరు గొట్టం, ఆయిల్ పైపు వెళ్తున్నాయో లేదో చూడండి. ఉంటే మీ వాక్యూమ్ పంపు అక్కడే ఉన్నట్టు.