ఎక్సెల్ మాక్రో బాకీ కాలమ్‌ని తేదీ అంటోందా? ఫార్మాట్ చూసి కాలమ్ రకం తేల్చేటప్పుడు వచ్చే చిక్కులు

గుంటూరు మిర్చి యార్డు కమిషన్ వ్యాపారుల షీట్లు ఒక్కొక్కరివి ఒక్కో తీరుగా ఉంటాయి, తేదీ ఒకరికి రెండో కాలమ్‌లో ఉంటే ఇంకొకరికి ఐదో కాలమ్‌లో ఉంటుంది. కాలమ్ నంబరు రాసిపెట్టిన మాక్రో (ఎక్సెల్‌లో పనులు తనే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం) పక్క షాపులో పనికిరాదు. ఇది తేదీ, ఇది డబ్బు, ఇది పేరు అని ఫార్మాట్ చూసి తనే తేల్చుకునే ఫంక్షన్ ఒకటి రాసుకుంటే అన్ని చోట్లా వాడుకోవచ్చు.

ఎర్రర్ 94 వచ్చి ఆగిపోతోంది

కాలమ్ మొత్తానికి ఒకేసారి నంబర్‌ఫార్మాట్ (సెల్ ఏ ఫార్మాట్‌లో ఉందో చెప్పేది) అడిగి ఉంటారు. హెడ్డింగ్ సెల్‌ది జనరల్, కిందవి తేదీలు. ఇలా రెండు రకాలు కలిస్తే ఎక్సెల్ నల్, అంటే ‘ఏ విలువా లేదు’ అని ఇస్తుంది, దాన్ని స్ట్రింగ్ (టెక్స్ట్ మాత్రమే పట్టే) వేరియబుల్‌లో పెట్టబోతే ఈ ఎర్రర్. ఏ రకం విలువనైనా పట్టే వేరియంట్‌లో పెడితే ఇంకా ప్రమాదం: ఎర్రర్ రాదు, ఏ పోలికా నిజం కాక అన్నీ చివరి ఎల్స్ (ఏదీ కాకపోతే) భాగంలోకి జారిపోతాయి. హెడ్డింగ్ వదిలేసి, కింద ఓ ఇరవై సెల్స్‌ని ఒక్కొక్కటిగా అడగండి. ఖాళీ వాటిని ముందే తప్పించాలి, ఇది అంకేనా అని చూసే ఇజ్‌న్యూమరిక్ ఖాళీ సెల్‌కి కూడా ట్రూ అంటుంది.

బాకీ కాలమ్‌ని తేదీ అంటోంది

ఎక్కువమంది జుట్టు పీక్కునేది ఇక్కడే. ఫార్మాట్‌లో డి, ఎమ్, వై ఏది కనిపించినా తేదీ అని రాసేస్తారు. కానీ మైనస్ అంకెల్ని ఎర్రగా చూపించే ఫార్మాట్‌లో స్క్వేర్ బ్రాకెట్ల మధ్య రెడ్ అని ఉంటుంది, అందులో డి ఉంది కదా! గడువు కాలమ్‌లో అంకె పక్కన కొటేషన్లలో డేస్ అని ఇంగ్లీషులో పెట్టుకున్నారనుకోండి, డి, వై రెండూ దొరుకుతాయి. అందుకని కొటేషన్ల మధ్య ఉన్నదీ, బ్యాక్‌స్లాష్ తర్వాతి అక్షరమూ, బ్రాకెట్లలో ఉన్నదీ తీసేశాకే వెతకాలి. ఒక్క మినహాయింపు, బ్రాకెట్‌లో హెచ్, ఎమ్, ఎస్ మాత్రమే ఉంటే ముట్టుకోవద్దు, 24 గంటలు దాటిన మొత్తాన్ని చూపించేది అదే. లక్షలు, కోట్ల కామాల కోసం మనం రాసుకునే ఫార్మాట్లలో బ్రాకెట్ షరతులు, బ్యాక్‌స్లాష్‌లు బోలెడుంటాయి, కాబట్టి ఈ శుభ్రం చేసే పనిని వేరే చిన్న ఫంక్షన్‌గా పెట్టుకోవడమే మంచిది.

తేదీ అవునా కాదా అన్నంత వరకే కావాలంటే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. సెల్ వాల్యూని, విలువ ఏ రకమో చెప్పే టైప్‌నేమ్‌కి ఇవ్వండి, తేదీ ఫార్మాట్‌లో ఉన్న అంకెకి డేట్ అని జవాబొస్తుంది. వాల్యూ బదులు వాల్యూ2 ఇస్తే మాత్రం డబుల్, అంటే మామూలు అంకె అంటుంది, అది ఫార్మాట్‌ని పట్టించుకోదు.

నిజంగా తేదీ కాలమే, అయినా పట్టుకోవట్లేదు

స్క్రీన్ మీద రోజు, నెల, ఏడాది వరసలో కనిపిస్తున్నా, షార్ట్ డేట్‌కి నంబర్‌ఫార్మాట్ ఇచ్చేది అమెరికా వరసే. ఒక ఫార్మాట్‌ని అక్షరం అక్షరం పోలిస్తే ఎప్పటికీ కలవదు. లేదా ఎవరో వాల్యూస్ మాత్రమే పేస్ట్ చేసి ఉంటారు, అప్పుడు 2024 జనవరి 1 బదులు 45292 కనిపిస్తుంది. అక్కడ ఫార్మాట్ ఏమీ చెప్పదు, హెడ్డింగ్ చూడాల్సిందే.

సగం తేదీలు, సగం టెక్స్ట్

కంప్యూటర్ రీజియన్ అమెరికాది, సీఎస్‌వీ ఫైల్‌లో (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) తేదీలు మన పద్ధతివి. 13 నుంచి 31 వరకు తేదీలు టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. 1 నుంచి 12 వరకు ఉన్నవి రోజు, నెల తారుమారై చక్కటి తేదీల్లా కనిపిస్తాయి, అసలు భయపడాల్సింది వీటికే. మాక్రోతో సర్దొద్దు. కాలమ్‌లో డేట్, స్ట్రింగ్ రెండూ దొరికితే ఫంక్షన్ "కలగాపులగం" అని చెప్పి ఆగాలి, మీరు ఫైల్‌ని మళ్లీ ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌కి డీఎమ్‌వై (రోజు, నెల, ఏడాది వరస) ఎంచుకోవాలి.

334ని అంకె అంటోంది

334, 341 మిర్చి రకాల పేర్లు, తేజ లాగే. జనరల్ ఫార్మాట్‌లో ఉంటే ఏ మాక్రో అయినా కూడికలు వేసేస్తుంది. ఆ కాలమ్‌కి టెక్స్ట్ ఫార్మాట్ పెట్టించి, ఫార్మాట్ ఎట్ గుర్తుగా (@, టెక్స్ట్ ఫార్మాట్‌కి గుర్తు ఇదే) ఉంటే విలువ ఏదైనా పేరు కిందే లెక్కించమని ఫంక్షన్‌లో మొట్టమొదటి షరతుగా రాయండి. 12-5 లాంటి లాట్ నంబర్లకీ ఇదే మందు. అయితే టైప్ చేయకముందే పెట్టాలి, తర్వాత పెడితే, మన రీజియన్ ఉన్న కంప్యూటర్‌లో అప్పటికే మే 12 అయిపోయి ఉంటుంది. ఇది తేదీనా అని చూసే ఇజ్‌డేట్‌ని ఇక్కడ నమ్మొద్దు, టెక్స్ట్‌గా ఉన్న 12-5ని కూడా తేదీ అంటుంది.

ఫంక్షన్‌ని సెల్‌లో ఫార్ములాగా వాడితే ఫార్మాట్ మార్చినా జవాబు పాతదే చూపిస్తుంది, అన్నీ మళ్లీ లెక్కించడానికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కాలి. పర్సనల్ మాక్రో వర్క్‌బుక్‌లో (ఎక్సెల్‌తో పాటే తెరుచుకునే దాగిన ఫైల్) పెట్టుకుని, రేంజ్ తీసుకుని ఒక్క మాట తిరిగిచ్చేలా మాత్రమే రాయండి, రంగులు వేయడం, కూడికలు వేరే మాక్రోల పని.