పచ్చళ్ళ బిజినెస్ గురించి పేపర్లో ఫ్రీగా వార్త రావాలంటే ఏం చేయాలి?

ఇప్పుడు ఏ కాలనీలో చూసినా ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటున్నారు. పచ్చళ్ళు నిజంగా బాగానే ఉంటాయి, ప్రచారం దగ్గరే అందరూ ఒకేలా తేలిపోతున్నారు. సీసా ఫోటో, పైన "అమ్మ చేతి రుచి", కింద ఫోన్ నంబరు, అంతే. డబ్బులన్నీ ఫ్లెక్సీకి, ఫేస్‌బుక్ బూస్టింగ్‌కి పెట్టేసి, పైసా ఖర్చు లేకుండా జిల్లా పేజీలో వచ్చే వార్తని మాత్రం చేజేతులా పోగొట్టుకుంటున్నారు. చిన్న షాపులవాళ్ళకి ప్రెస్ నోట్లు, అంటే వార్త వేయమని పేపర్లకి పంపే కాగితాలు, రాసిపెట్టడం నా పని కాబట్టి రోజూ చూస్తున్నా, ఇక ఓపిక లేక ఇది రాస్తున్నా.

ముందు సరంజామా. లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ 14 అంకెల నంబరు ఉండాలి, అది లేకుండా పేపరు గురించి ఆలోచించొద్దు, ఎందుకంటే వార్త వచ్చిన రోజే పోటీవాడు కంప్లైంట్ పెడతాడు. వాట్సాప్ బిజినెస్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ రెండూ పెట్టుకోండి, అరపూట పని.

గూగుల్‌లో పేరు మీ బోర్డు మీద ఉన్నట్టే రాయండి. పేరు పక్కన "విజయవాడలో బెస్ట్ పచ్చళ్ళు" అని తగిలిస్తే ప్రొఫైల్‌నే సస్పెండ్ చేసే ఛాన్స్ ఉంది. ఇంటి నుంచి అమ్ముతూ కస్టమర్లు ఇంటికి రాకపోతే అడ్రస్ దాచేసి, ఏయే ఏరియాలకి పంపిస్తారో అది మాత్రం పెట్టండి. మీ గురించి రాసుకోడానికి 750 అక్షరాల చోటు ఇస్తాడు, తెలుగులోనే రాయండి. రివ్యూ రాస్తే పావుకేజీ ఫ్రీ లాంటి ఆఫర్లు వద్దు, గూగుల్ రూల్స్‌కి అది విరుద్ధం.

ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకే పడతారు, అదీ మీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియక, పంపాం కానీ ఎవరూ పలకలేదని బాధపడతారు. పార్సిల్‌లో "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని చిన్న చీటీ పెట్టండి, సరిపోతుంది. నెలకి రెండు మెసేజ్‌లు మించకూడదు. గుడ్ మార్నింగ్ పువ్వులు పంపే షాపుని నేనైతే బ్లాక్ చేస్తా, మీ కస్టమర్లూ అదే చేస్తారు.

ఇక అసలు పని, ప్రెస్ నోట్. అందరూ బోల్తా పడేది ఇక్కడే, అందుకే తీరిగ్గా చెప్తా.

మొదట ఒకటి ఒప్పుకోండి, మీ షాపు ఉండటం వార్త కాదు. "మా పచ్చళ్ళు రుచిగా ఉంటాయి" అన్నదీ వార్త కాదు, అది యాడ్, దానికి పేపర్లో వేరే డిపార్ట్‌మెంట్ ఉంది, రేటు కార్డు ఉంది. మరి వార్త ఏది అంటే, మీ షాపు పేరు కొట్టేసినా చదివేవాడికి ఏదో ఒకటి మిగలాలి. నేను ప్రతి నోట్‌నీ పంపేముందు ఇలాగే చూస్తా, షాపు పేరు మీద వేలు పెట్టి చదువుతా, ఏమీ మిగలకపోతే చించేసి మళ్ళీ రాయిస్తా.

ఉదాహరణకి వేసవి తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటా ఆవకాయ గొడవే. అప్పుడు ఇలా మొదలుపెట్టిన నోట్లు బోలెడు వస్తాయి: "నగరంలోని ప్రముఖ పచ్చళ్ళ తయారీ సంస్థ అత్యంత రుచికరమైన ఆవకాయను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది." ఈ వాక్యం పేపర్ ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్‌లో ఎవరూ చివరిదాకా చదవరు. ప్రముఖ అని మీకు మీరే అనుకుంటే ఎలా? దాని బదులు ఇలా పెట్టండి: "ఆవకాయ ముక్క మెత్తబడిపోతోందా? కాయ కొనేటప్పుడే చూసుకోవాలంటున్నారు ఫలానా ఊళ్ళో పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్న ఫలానా ఆవిడ." ఆ తర్వాత విషయం చెప్పండి. టెంక గట్టిపడిన పుల్లటి కాయ తీసుకోవాలి, కడిగాక తడి లేకుండా తుడిచి ఆరనివ్వాలి, ముక్కకి టెంక అంటిపెట్టుకుని ఉండాలి, లోపల జీడి, పొర తీసేయాలి. మీకు ఇవన్నీ నోటికి వచ్చిన సంగతులే, చదివే కొత్త కోడలికి మాత్రం బంగారం. మీ పేరు, మీ ఊరు ఆ సంగతుల వెంటే పేజీ ఎక్కుతాయి.

కొంతమంది అంటారు, గుట్టు అంతా చెప్పేస్తే ఇంక మన దగ్గర ఎవరు కొంటారు అని. కొంటారండీ. చదివినవాళ్ళలో చాలామందికి పెట్టుకునే తీరిక ఉండదు, అమ్మో ఇంత పని ఉందా అనుకుని మీకే ఫోన్ చేస్తారు.

నోట్ ఒక పేజీ దాటకూడదు. మొదటి రెండు వాక్యాల్లోనే ఎవరు, ఎక్కడ, ఏమిటి, ఇప్పుడే ఎందుకు అన్నది వచ్చేయాలి, ఎందుకంటే పేజీలో చోటు చాలకపోతే కత్తెర కింద నుంచి పడుతుంది. మీ ముఖ్యమైన ముక్క చివరి పేరాలో దాచుకుంటే పోయేది అదే. అంకెలు నిజమైనవే వేయండి. ఆరుగురు పనిచేస్తుంటే ఆరుగురు అనండి, "వందలాది మహిళలకు ఉపాధి" అని రాస్తే విలేకరి ఇంటికొచ్చి ఆ వందమంది ఎక్కడమ్మా అంటాడు.

ఆరోగ్యం జోలికి అస్సలు పోవద్దు. ఉసిరికాయ పచ్చడి తింటే షుగర్ తగ్గుతుంది, కాకరకాయ కారప్పొడితో ఫలానా రోగం పోతుంది, ఇవి రాయడానికి బాగుంటాయి కానీ రోగం నయం చేస్తుందని తినేదాన్ని అమ్మడానికి ఫుడ్ రూల్స్ ఒప్పుకోవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. సీసాలమ్మి ఎన్నేళ్ళకి సంపాదిస్తారు అంత?

ఇంకో గండం ఫాంట్. నోట్‌ని బజార్లో డీటీపీ షాపులో కొట్టిస్తారు, వాళ్ళు చాలామంది ఇంకా అను ఫాంట్స్‌లో కొడతారు, అది అన్ని ఫోన్లలో కనిపించే యూనికోడ్ కాదు, ఆ ఫైలు అవతల ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. దాంతో పేజీని ఫోటో తీసి పంపుతారు, అప్పుడు డెస్క్‌లో ఎవరో కూర్చుని మళ్ళీ టైప్ చేయాలి. మీ పచ్చడి కోసం ఎవడు చేస్తాడు? మీ ఫోన్లో తెలుగు కీబోర్డుతో మీరే కొట్టి, మామూలు టెక్స్ట్‌గా వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపండి. ఫోటోలు మాత్రం వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి ప్రింట్‌లో మసకగా వస్తుంది. సీసాల వరస కాదు, మనిషి పనిచేస్తున్న ఫోటో కావాలి, చేతిలో కత్తిపీటో, పక్కన కాయల కుప్పో. కింద ఎడమ నుంచి ఎవరెవరో పేర్లు రాయండి.

ఎవరికి పంపాలి? హైదరాబాద్ హెడ్డాఫీసుకి కాదు. ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మన పేపర్లన్నీ అదే దారి పట్టాయి, ఆ పేజీలకి వార్తలు మండలం నుంచే వెళ్తాయి. మీ మండలంలో ఒక్కో పేపర్‌కి ఒక్కో కంట్రిబ్యూటర్, అంటే స్థానిక విలేకరి, ఉంటారు, వాళ్ళ నంబరు దొరకడం పెద్ద కష్టం కాదు, పంచాయతీ ఆఫీసులోనో పోలీస్ స్టేషన్లోనో అడిగినా చెప్తారు. నోట్ మధ్యాహ్నం లోపు పంపి, ఒక్కసారి ఫోన్ చేయండి. సాయంత్రం వాళ్ళకి ఊపిరాడదు, అప్పుడు ఫోన్ చేసి "సార్ రేపు వస్తుందా" అంటే రేపే కాదు, ఇంకెప్పుడూ రాదు. అన్ని పేపర్లకీ ఒకే రోజు పంపండి, ఒకరికి ముందు ఇచ్చి మిగతావాళ్ళకి ఆలస్యంగా ఇస్తే అలుగుతారు. యాడ్ ఇస్తే వార్త వేస్తాం అని ఎవరైనా అంటే, యాడ్ సంగతి తర్వాత చూద్దాం అండీ అని మర్యాదగా ఆపండి, గొడవ పెట్టుకోవద్దు.

ఇంత తిప్పలు ఎందుకు, ఫుడ్ వ్లాగర్‌ని పిలిస్తే పోలా అని అడుగుతారు. పిలుచుకోండి, నేను మాత్రం పిలిపించను. ఊరికే సీసా ఇచ్చి పొగిడించుకున్నా అది ప్రచారమని వీడియోలో చెప్పాల్సిందేనని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, చెప్తే చూసేవాడు నమ్మడు, చెప్పకపోతే మీ మెడకి చుట్టుకుంటుంది. పైగా రెండు రోజులకి ఆ రీల్ కిందకి పోతుంది.

వార్త వచ్చాక కటింగ్ ఫోటో ఒక్కటి స్టేటస్‌లో పెట్టి ఊరుకోకండి. ఫోటోలో అక్షరాలు వెతికేవాళ్ళకి సరిగ్గా దొరకవు, అదే సంగతిని మీ మాటల్లో టైప్ చేసి గూగుల్ ప్రొఫైల్‌లో పోస్టుగా పెట్టండి, పేపర్ వెబ్‌సైట్‌లో లింకు ఉంటే అదీ ఇవ్వండి. వారం రోజులు ఫోన్ పక్కనే ఒకరు ఉండాలి, ఎత్తకపోతే ఇంత చేసీ దండగ. తర్వాతి నోట్ వెంటనే పంపకండి, అదే కంట్రిబ్యూటర్‌కి కార్తీక మాసం ముందు ఉసిరికాయ సంగతులతో పంపండి, అప్పటికి మీ నంబరు ఆయన ఫోన్లో సేవ్ అయి ఉంటుంది.