యుద్ధ విమానాల కొరత: అసలు లోపం ఎక్కడుంది?

సమస్య 1: స్క్వాడ్రన్లు చాలడం లేదు

భారత వాయుసేనకు మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికాక మిగిలినవి 29. ఒక్కో దాంట్లో 16 నుంచి 18 విమానాలుంటాయి. అటు పాకిస్థాన్‌ను, ఇటు చైనాను ఏకకాలంలో కనిపెట్టుకుని ఉండాల్సిన దేశానికి ఇది ప్రమాదకరమైన లోటు.

కారణం: పాతవి వెళ్లిపోయాయి, కొత్తవి సమయానికి రాలేదు. 126 విమానాల కోసం 2007లో పిలిచిన టెండరు 2015లో రద్దయింది. చివరికి కొన్నది 36 రఫేల్‌లు, అంటే రెండు స్క్వాడ్రన్లు.

పరిష్కారం: మన దేశంలోనే రూపొందిన యుద్ధ విమానం తేజస్ ఉత్పత్తి పెంచడం. నాసిక్‌లోనూ వీటిని తయారుచేస్తున్నారు, 2025 సెప్టెంబరులో మరో 97 విమానాలకు ఒప్పందం కుదిరింది. అయితే అక్కడే రెండో చిక్కు ఎదురవుతుంది.

సమస్య 2: విమానం సిద్ధం, ఇంజిన్ లేదు

తేజస్‌లో మెరుగుపరిచిన రకమైన మార్క్-1ఏలు 83 కావాలని ఆర్డరు 2021 ఫిబ్రవరిలోనే ఇచ్చారు. వాటికి అమర్చాల్సిన అమెరికా జీఈ ఎఫ్404 ఇంజిన్లలో మొదటిది చేతికందింది 2025 మార్చిలో. ఆయుధాల అనుసంధానం వంటి పనులూ ఆలస్యమయ్యాయి కాబట్టి తప్పంతా ఇంజిన్‌దే అనలేం. కానీ మన వాయుసేన ఎప్పుడు బలపడాలో పరాయి దేశపు ఫ్యాక్టరీ నిర్ణయించే స్థితి నన్ను కలవరపెడుతోంది.

అసలు కారణం: సొంత ఇంజిన్ లేకపోవడం. దాన్ని తయారుచేసేందుకు కావేరి ప్రాజెక్టు 1989లో మొదలైంది, 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. ముడి ఎక్కడ పడుతుందో తెలియాలంటే ఇంజిన్‌లో వేడి వాయువుల తాకిడికి తిరిగే రెక్క, అంటే టర్బైన్ బ్లేడు చూడాలి. దాన్ని తాకే వాయువు వేడి, ఆ లోహం కరిగే ఉష్ణోగ్రతను మించి ఉంటుంది. అందుకే బ్లేడు లోపల సన్నటి గాలిదారులు పెడతారు, అతుకుల్లేని ఒకే స్ఫటికంగా పోతపోస్తారు. దీన్ని సాధించిన దేశాలు కొన్నే, అవి ఆ విద్యను సులువుగా పంచుకోవు. పరీక్షా వసతుల లేమి మరో దెబ్బ: కావేరి ఇంజిన్‌ను ఆకాశంలో పరీక్షించడానికి రష్యా వెళ్లాల్సి వచ్చింది.

పరిష్కారం: ఇప్పటికైతే ఎఫ్404లను ముందుగానే నిల్వ చేసుకోవాలి. 2025 నవంబరులో మరో 113 ఇంజిన్లకు ఒప్పందం చేసుకోవడం సరైన అడుగే. శాశ్వత మందు వేరు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ 2021లోనే హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 ఏకస్ఫటిక బ్లేడ్లను తేజస్ తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందించింది. ఆ బృందాలకు నిధులు ఆగకూడదు, ఎత్తుల్లోని వాతావరణాన్ని సృష్టించే పరీక్షా కేంద్రం దేశంలోనే కట్టాలి. దేశంలో రూపొందిస్తున్న కొత్త తరం యుద్ధ విమానం ఆమ్‌కా కోసం ఫ్రాన్స్ సంస్థ సఫ్రాన్‌తో కలిసి చేయబోయే ఇంజిన్ ఒప్పందంలో ముందుగా తేల్చుకోవాల్సింది ధర కాదు. ఆ బ్లేడ్లను ఎవరు, ఎక్కడ పోతపోస్తారు, ఆ డిజైన్‌ను మార్చుకునే హక్కు మనకుంటుందా అన్నది.